ఎర్రవంక బంగారం, మద్రాసు బూడిద

మద్రాసు వెళ్లి ఎనిమిది రోజులు ఉండి వచ్చాను. సముద్రం చూడలేదు. ఊళ్లో ఎవరు ఎదురైనా మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ అని మనవాళ్లు పిలిచే మ్యూజియమూ జంతువుల తోటా కూడా చూడలేదు. నేను చూసింది ఒక నగల కొట్టు, తొండియార్‌పేటలో ఒక కుళాయి, దాని పక్కన ఒక రోలు. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు. సూది పట్టుకుంటే నొప్పి. అందుకే పండగ గుడ్డలు కుట్టడం ఆపి ఇది రాస్తున్నాను. కలం పట్టుకోవడానికి రెండు వేళ్లు చాలు.

ఎర్రవంక

నేను దర్జీని. చదివింది అయిదో తరగతి. ఆ తర్వాతి చదువంతా కుప్పం లైబ్రరీది. ప్రతి శనివారం మిషను మీద గుడ్డ కప్పి, నాలుగు మైళ్లు నడిచి వెళ్లి పుస్తకం మార్చుకుని వస్తాను. పన్నెండేళ్లలో ఆ రెండు బీరువాలూ పూర్తి చేశాను, కొన్ని రెండుసార్లు. ఊళ్లో ఉత్తరం రాయాలన్నా, మందు సీసా మీద అక్షరాలు చదవాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ గర్వం నాకు ఉంది. దాచుకోను.

మా ఊరి పక్కన ఎర్రవంక పారుతుంది. వానలు తగ్గాక చెంగమ్మ అనే ఆమె ఆ వంకలో దిగి ఇసుక కడుగుతుంది. ఆమె తల్లీ, అమ్మమ్మా చేసిన పనే. కొయ్య మరిగెలో ఇసుక పోసి, నీళ్లలో ముంచి, మణికట్టుతో తిప్పుతూ ఉంటే తేలిక మట్టి పోయి నల్ల ఇసుక మిగులుతుంది. ఆ నల్ల ఇసుకలో పచ్చగా మెరిసే పలుకులే బంగారు రజను. రోజంతా నడుం వంచితే బియ్యపు నూకంత దొరకడం కూడా గొప్పే.

ఈ కార్తీకంలో ఆమెకు చింతగింజంత ముద్ద దొరికింది. పైన తుప్పు రంగు పెచ్చు కట్టి ఉంది. ఒక మూల మాత్రం పాలపన్ను పొడుచుకొచ్చినట్టు తెల్లగా ఉంది. అదే వారంలో పెద్దింటివాళ్ల ఉంగరం పోయింది. చెంగమ్మ వాళ్ల దొడ్డి ఊడుస్తుంది. ఉంగరం కరిగించి, పైన ఎర్రమట్టి పూసి, వంకలో దొరికిందని చెబుతోందని పెద్దింటాయన చావిడిలో అన్నాడు. మా ఊరి కంసాలి ఆ ఇంటి మనిషి. చూడనన్నాడు.

అప్పుడు నేను లేచాను. అట్టలు ఊడిన లోహాల పుస్తకం ఒకటి లైబ్రరీలో చదివి ఉన్నాను. బంగారం తెల్లరాతిలో పుడుతుందనీ, రాయి పగిలి వాగులోకి దొర్లాక ఇనుప తుప్పు పెచ్చు కడుతుందనీ, నిప్పులో కరిగిన బంగారంలో రాయి ఉండదనీ అందులో ఉంది. ఆ పెచ్చు పోతే లోపలి తెల్లరాయీ, దానిలో అల్లుకున్న బంగారమూ ఎవరికైనా కనిపిస్తాయని చెప్పాను. చావిడంతా నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగానే అనిపించిందని ఒప్పుకోవాలి.

మునసబుగారు వయసు మళ్లిన మనిషి, తొందరపడరు. "అట్లయితే నువ్వే తీసకపోయి కడిగించుకోని రా. ఈమె కడిగితే ఈమే ఏమో చేసిందంటారు" అన్నారు. కోలారు గనులు మాకు దగ్గరే. కానీ పచ్చి బంగారం జేబులో పెట్టుకుని అక్కడ తిరిగితే గనిలో దొంగిలించిందే అంటారు. కాబట్టి మద్రాసు. మునసబుగారు ఒక కాగితం మీద లక్క కరిగించి పోసి, ముద్దను అందులో అదిమి తీశారు. దాని అచ్చు గుంటగా పడింది. కాగితం పెట్టెలో పెట్టి తాళం వేశారు.

"అమాసలోపల రావాల. తెచ్చింది ఈ గుంటలో కూర్చోవాల. కూర్చోలేదా, ఆమె ఇంక వంకలోకి దిగేదిలేదు, ఊళ్లో ఉండేదీ లేదు."

చెంగమ్మ నెమలి ఈక కాడలో పోసి, మైనంతో మూసిపెట్టిన రజను కూడా తెచ్చి నా చేతికిచ్చింది. "ఇది గూడా చూపించన్నా. ఇట్లాటిదే ఎప్పుడూ దొరికేదని చెప్పు."

ఆంబూరు దాకా

ముద్దను చొక్కా కాలరు లోపల పెట్టి కుట్టేశాను. దర్జీకి జేబులు అక్కర్లేదు. రైల్లో ఆంబూరు పూలవ్యాపారి ఒకాయన నా ఎదురు సీట్లో కూర్చున్నాడు. కాళ్ల దగ్గర తడిగోనె కప్పిన మల్లెల బుట్ట. తాతల కాలం నుంచీ అరవదేశంలోనే ఉంటున్న తెలుగువాళ్లట.

"ఇంట్లో తెలుగుదా మాట్లాడేది. పిల్లోళ్లకు మాత్రం నోరు తిరగదు. అరవంలోనే బదులు చెప్తారు" అన్నాడు.

నేను భాషాభిమానం గురించి, మాతృభాషా సంరక్షణ గురించి కాసేపు మాట్లాడాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీ తెలుగు రొంబ బాగుండాది సార్. బుక్కు మాదిరి ఉండాది."

"కృతజ్ఞుణ్ణి" అన్నాను.

"నాకు సగందా అర్థమయింది" అన్నాడు ఆయన, బుట్ట మీద నీళ్లు చల్లుతూ.

దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఈ యాత్ర మూడు రోజుల్లో ముగిసేది. ఆయన ఆంబూరులో దిగుతూ గుప్పెడు మల్లెలు ఆకులో చుట్టి, "ఇంటావిడకు" అని ఇచ్చాడు. మద్రాసు చేరేసరికే వాడిపోయాయి.

సెంట్రలు ఎదుట సత్రం

మద్రాసులో మొదట అలసిపోయేది చెవులు. తర్వాత కాళ్లు. సత్రంలో మంచం రోజుకు ఆరణాలు. నయాపైసలు వచ్చి నాలుగైదేళ్లయినా అక్కడింకా అణాల్లోనే అడుగుతారు, చిల్లర మాత్రం పైసల్లో ఇస్తారు. మనకు లెక్క తెలిసేలోపు వెనకవాడు తోస్తాడు. కాఫీ రెండణాలు, మన దగ్గర అణా. కానీ చిక్కగా ఉంటుంది. ఇడ్లీ చిన్నది, సాంబారు మాత్రం ఎన్నిసార్లడిగినా పోస్తారు. మూడుసార్లడిగి కడుపు నింపుకున్నాను.

తలంటుకు మా ఆవిడ కుంకుడుకాయలు పొట్లం కట్టి ఇచ్చింది. సత్రం కుళాయి దగ్గర నేను కాయలు కొడుతుంటే పక్కనున్నవాళ్లు వింతగా చూశారు. అక్కడ అందరూ సీకాయపొడి వాడతారు. నురుగు కళ్లలో పడి మంటపెడుతుంటే ఒకాయన అరవంలో ఏదో అన్నాడు, మిగిలినవాళ్లు నవ్వారు. తలలో జిడ్డు కూడా సరిగ్గా వదల్లేదు. సగం పొట్లం మిగిలింది. అది తర్వాత దేనికి పనికొచ్చిందో చెబుతాను.

నగల వీధి

జార్జిటౌనులో నగల కొట్లన్నీ ఒకే వీధిలో ఉంటాయి. ఎదురెదురు అరుగుల మీద కూర్చున్నవాళ్లు చేతులు చాస్తే ఒకరి తాంబూలం ఒకరు అందుకోవచ్చు, అంత ఇరుకు. తెలుగు బోర్డు ఉన్న కొట్టు వెతికి పట్టుకున్నాను. యజమాని శెట్టిగారు. మూడు తరాలుగా ఆ వీధిలోనే వ్యాపారమట. వెనక గదిలో ఆచారి బొగ్గుల కుంపటి ముందు గొట్టంతో ఊదుతున్నాడు.

కాలరు విప్పి ముద్ద తీసి ఇచ్చాను. రైల్లో మూడుసార్లు మనసులో వల్లించుకున్న వాక్యం చెప్పాను.

"అయ్యా, ఇది ప్రకృతిసిద్ధమైన సువర్ణం. దీని మాలిన్యమంతా పోయేట్టు శుద్ధి చేసి ఇవ్వాలి."

శెట్టిగారు కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు. "శుద్ధి చేయాలనా?"

"శుద్ధే."

"కొంచెం తగ్గుతాది. పరవాలేదా?"

"మాలిన్యం పోతే తగ్గక తప్పదు కదండీ."

"సరి. అరాకొరా కాదు గదా? పూరా శుద్ధిదానే?"

"సంపూర్ణంగా" అన్నాను.

చీటీ రాసి ఇచ్చారు. మర్నాడు పొద్దున రమ్మన్నారు. ఆ మధ్యాహ్నమంతా వీధుల్లో బోర్డులు చదువుకుంటూ తిరిగాను. తెలుగు అక్షరం కనిపించినచోటల్లా ఆగాను. పని సులువుగా అయిపోయిందనీ, ఎల్లుండి సముద్రం, ఆ మర్నాడు ఎగ్మోరులోని పెద్ద లైబ్రరీ చూసుకుని బయలుదేరవచ్చనీ అనుకున్నాను. ఆ లైబ్రరీ గురించి ఏళ్ల తరబడి వింటూ ఉన్నాను.

మర్నాడు శెట్టిగారు ఎర్రకాగితం పొట్లం నా ముందు విప్పారు. అందులో కందిగింజ కన్నా కాస్త పెద్ద బొట్టు ఒకటి ఉంది. గుండ్రంగా, నున్నగా, పచ్చగా. అంత అందమైన వస్తువును చూసి అంత భయపడటం నాకు అదే మొదటిసారి.

"ఇదేమిటండీ?"

"మీదే. పదహారణాల మేలిమి. బాగా వచ్చింది."

"ముద్ద ఏదీ?"

ఆచారి వెనక నుంచి తల తిప్పాడు. "రాయి కొట్టి తీసేసి, వెలిగారమేసి కరిగిస్తిని. ఏం, తప్పా?"

నేను చీటీనీ, ఆ బొట్టునూ మార్చి మార్చి చూశాను. శెట్టిగారికి మెల్లగా ఏదో అర్థమైంది. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించారు. "సార్, శుద్ధి అంటే ఈడ మేము కరిగించేదిదా. మా తాతల కాలం నించి అదే మాట. మూడు తూర్లు అడిగితిని గదా, పూరా శుద్ధిదానే అని."

అడిగారు. నేనే సంపూర్ణంగా అన్నాను. వాళ్లలో ఎవరి తప్పూ లేదు. ఆచారి రవ్వంత కూడా దాచుకోలేదు. పుస్తకంలో ఆ అధ్యాయానికి శుద్ధి అని పేరు ఉంది. ఆ మాట ఎంత బాగుందో అనుకున్నాను తప్ప, పట్నంలో ఆ మాటకు ఏం చేస్తారో అడగాలని తోచలేదు.

చెంగమ్మ సంగతి, లక్క గుంట సంగతి చెప్పాను. శెట్టిగారు తల పట్టుకున్నారు. ఆచారి లేచి వచ్చాడు.

"ఆ తెల్లరాయి దూరంగా పడేయలేదు సామీ. సుత్తితో కొట్టినప్పుడు ఈడే ఎగిరి పడింది. చెత్తలో ఉంటాది."

"చెత్త ఏదీ?"

"మునెమ్మ పొద్దున్నే ఊడ్చుకోని పోయింది."

తొండియార్‌పేట

నగల కొట్లలో ఊడ్చిన చెత్త, కుంపటి బూడిద, బంగారం కరిగించే మూసలు పగిలిన పెంకులు ఏవీ ఊరికే పారేయరు. ఏడాదికింతని ఇచ్చి వాటిని పాడుకునేవాళ్లుంటారు. ఆ చెత్త కడిగి అందులో దాగిన బంగారం తీస్తారు. దీన్నే జలగడగడం అంటారు. ఈ మాట నాకు నిఘంటువులో తెలుసు, మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మునెమ్మ ఇల్లు దొరికేసరికి మధ్యాహ్నమైంది. కార్మికుల ఇళ్ల వరస, ఒక వీధి కుళాయి, హార్బరు వైపు నుంచి చేపలూ ఉప్పూ కలిసిన వాసన. సముద్రం అక్కడికి అరమైలు కూడా ఉండదట. అరవై దాటిన మనిషి, బూడిద రంగు చీర, ముక్కుకు రెండువైపులా పుడకలు. రోలు ముందు కూర్చుని రోకలితో దంచుతోంది.

"దంచొద్దు" అన్నాను, ఇంకా వీధిలో ఉండగానే.

రోకలి ఆపి చూసింది. "ఎవరు సామీ నువ్వు? నా రోలు, నా రోకలి. దంచొద్దంటే?"

కథంతా చెప్పాను. ఈసారి పుస్తకం మాటలు ఒక్కటీ వాడలేదు. ఆమె మధ్యలో ఒక్కసారి మాత్రం, "పావం, ఆ ఆడమనిషి" అంది. మూసల పెంకుల్లో ఇరుక్కున్న బంగారం రావాలంటే అంతా పొడి కొట్టాలట. పొద్దున తెచ్చినవి రెండు గోనెలు. ఒకటి అప్పటికే దంచేసింది. రెండోదానిలో మా రాయి ఉందో లేదో తెలీదు.

"దంచకుండా కడిగితే పెంకులో ఉండేది పెంకులోనే ఉండిపోతుంది. నాకు వేస్టు. మళ్లీ అంతా ఎండబెట్టి, దంచి, రెండో తూరి కడగాల. ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాను."

నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "సూది చెయ్యి. రోకలి తెలీదు దీనికి."

"నేర్చుకుంటుంది."

"చెత్తలో వచ్చేది చెత్త పాడినోళ్లది. తెలుసునా?"

"తెలుసు. ఆ రాయి ఒక్కటి ఇప్పించమ్మా. ఈ గోనె అంతా ఎండబెట్టి, దంచిపెట్టి పోతాను."

ఆమె లోపలికి వెళ్లి కొయ్యపళ్లెం తెచ్చింది. చెంగమ్మ మరిగె అచ్చంగా అదే. అదే లోతు, అదే నునుపు. ఈమె దాన్ని మరవై అంటుంది, అంతే తేడా. మణికట్టు తిప్పే తీరు కూడా అదే. ఒకామె వంక కడుగుతుంది, ఒకామె పట్నం కడుగుతుంది.

ఆ రోజు కుళాయి నుంచి నలభై బిందెల నీళ్లు మోశాను. కుళాయికి వరుస ఉంటుంది. నేను కొత్తవాణ్ణని ముగ్గురాడవాళ్లు నన్ను ప్రతిసారీ వెనక్కి నెట్టారు. మగవాడు బిందె పట్టుకోవడం వాళ్లకు పెద్ద తమాషా. "మునెమ్మక్కా, ఎన్నాళ్లకు మొగుణ్ణి తెచ్చుకుంటివి?" అని ఒకామె అంది. "ఈ మొగుడు నాలుగు బిందెలకే రొప్పుతా ఉండాడు. మార్చి ఇంకోణ్ణి తెచ్చుకోవాల" అంది మునెమ్మ, తల ఎత్తకుండా.

మధ్యలో ఆమె నన్ను వీధి చివరికి తీసుకెళ్లి కూళు తాగించింది. రాగి అంబలినే వాళ్లు కూళు అంటారు. మట్టిముంతలో మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ పెట్టి ఇస్తారు. ముంత అణా. మన ఊరి సంగటి తిని నాలుగు రోజులైందేమో, మొదటి గుక్క గొంతు దిగుతుంటే కళ్లు మూసుకున్నాను. సాంబారు ఎంత పోసినా రాని నిండుదనం అందులో ఉంది.

సాయంత్రానికి గోనెలో సగమే అయింది. రాయి దొరకలేదు.

రెండో రోజు, రోలు దగ్గరే

మర్నాడు మిగిలిన సగం మొదలుపెట్టే ముందు ఈక కాడ తీసి చెంగమ్మ రజను చూపించాను. మునెమ్మ దాన్ని చిప్పలో పోసి వేలితో కదిపింది.

"నల్ల ఇసుక శానా ఉండాదే."

సూదులు కిందపడితే ఏరుకోవడానికి నా సంచిలో ఎప్పుడూ సూదంటురాయి ఉంటుంది. దాన్ని కాగితంలో చుట్టి చిప్ప మీద తిప్పాను. నల్ల ఇసుక వెంట్రుకల్లా లేచి కాగితానికి అంటుకుంది. మునెమ్మ ఆ రాయిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అరవై ఏళ్ల మనిషి కళ్లలో అంత ఆశ చూసి, ఉంచుకొమ్మన్నాను.

ఆమె నాకు ఇంకొకటి నేర్పింది. చిప్పలో నీళ్లు పోయగానే పల్చటి పలుకులు కొన్ని నీటి మీద తేలాయి. బంగారం మునుగుతుందని పుస్తకం. తేలుతుందని నా కళ్లు. "చేతి జిడ్డు సామీ. జిడ్డు ఉంటే ఇది తేలి నీళ్లతో పోతాది. మీ ఆడమనిషికి ఎంత పోయిందో పావం. సబ్బుకాయ ఉండాదా?" నా కుంకుడుకాయల పొట్లం గుర్తొచ్చింది. రెండు కాయలు చితక్కొట్టి రసం పిండగానే పలుకులన్నీ ఒక్కటొక్కటిగా అడుక్కి దిగాయి. మద్రాసులో నా తలకు పనికిరాని కుంకుడుకాయలు ఇక్కడ పనికొచ్చాయి. తర్వాత ఆ రజనును చింతపండు, ఉప్పు కలిపిన పులుసులో పోసి ఎండలో పెట్టింది. ఎర్రమచ్చలన్నీ సాయంత్రానికి విడిపోయాయి. గరుకు గుడ్డతో తుడవబోతే నా చేతి మీద కొట్టింది. "రుద్దద్దు. ఇది అరిగిన బంగారం కాదు, నీళ్లు కొట్టిన బంగారం. చూడు, ఆకురాయితో నగ రాకిన పొడి అయితే మెలికలు తిరిగి అంచులు గుచ్చుకుంటాయి. ఇది అప్పడం మాదిరి పలచగా, అంచు మొద్దుగా ఉండాది. నగల పొడి కాదిది. ఎవరడిగినా చెప్తా."

ఆమె చెబుతుంది, కానీ మా ఊరికి ఎవరొస్తారు. అమావాస్య నాలుగు రోజుల్లో ఉంది.

మూడో ఝాములో, గోనె అడుగు బూడిదలో, ఆమె మణికట్టు ఆగింది. మరవైలో ఒక మూల మినపగింజంత తెల్లరాయి. ఆమె వెంటనే ముట్టుకోలేదు. అంతకు ముందు పాదరసం ముట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి తగిలితే బంగారం వెండిలా తెల్లబడుతుందట. బూడిదతో రెండుసార్లు చేతులు తోముకుని, అప్పుడు గోళ్లతో ఎత్తింది. కుంకుడు నురుగులో ముంచి, నీళ్లు వంచింది.

ఒకవైపు పాత తుప్పు పెచ్చూ, దానిలోంచి పొడుచుకొచ్చిన పాలపన్ను మొనా అలాగే ఉన్నాయి. మరోవైపు తాజాగా పగిలిన తెలుపు. ఆ తెలుపులో పచ్చటి గీత ఒకటి ఇటు దూరి అటు తేలింది.

"చూడు టైలరూ" అంది మునెమ్మ. "రాతిలో దారం ఎక్కించినారు. ఏ సూదితో ఎక్కించినారో నువ్వే చెప్పాల."

బిందె బోర్లించి దాని మీద కూర్చున్నాను.

ఒప్పుకున్న దంచుడు మిగిలే ఉంది. బూడిద ఎండడానికి ఒక రోజు, దంచడానికి రెండు రోజులు. మొదటి రోజు బొబ్బలెక్కాయి, రెండో రోజు పగిలాయి. నేను పన్నెండేళ్లు చదివిన దానికన్నా ఆ రోకలి బరువు. మునెమ్మ రెండో రోజు మధ్యాహ్నం, "చాలు, పో. రక్తం కడిగి బంగారం తీసేది నాకు తెలీదు" అంది. చివరి తట్ట ఆమే దంచుకుంది.

ఎగ్మోరు

రైలుకు ముందు మూడు గంటలు మిగిలాయి. సముద్రానికి వెళ్లవచ్చు. నేను లైబ్రరీకి వెళ్లాను. ఎర్రటి కట్టడం, ఎత్తయిన ద్వారం. లోపల నేను ఊహించుకున్న దానికన్నా ఎక్కువ బీరువాలు కనిపించాయి. గుమ్మం ముందు నిలబడి చేతులు చూసుకున్నాను. పగిలిన బొబ్బల్లో బూడిద ఇంకిపోయి ఉంది, ఎంత కడిగినా పోలేదు. ఆ చేతుల్తో ఏ పుస్తకం ముట్టుకున్నా పేజీకో మచ్చ పడుతుంది. ఎవరూ నన్ను ఆపలేదు. నేనే మెట్లు దిగి వచ్చేశాను. తిరుగు రైల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎదురుగా ఎవరు కూర్చున్నారో కూడా గుర్తు లేదు.

లక్క గుంట

అమావాస్య నాటి పొద్దున మునసబుగారి అరుగు మీద అందరూ కూర్చున్నారు. మునసబుగారు పెట్టె తాళం తీసి కాగితం పరిచారు. చెంగమ్మ మెట్టు కింద నిలబడింది. నేను మొదట బొట్టు పెట్టాను. గుంటలో అది బఠాణీలా అటూ ఇటూ దొర్లింది.

పెద్దింటాయన నవ్వాడు. "ఉంగరం గుండ్రంగా పోయి గుండ్రంగానే తిరిగొచ్చింది."

జరిగింది జరిగినట్టు చెప్పాను. శుద్ధి అన్న మాటతో సహా. అది చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. తర్వాత దూది పొట్లం విప్పి, తెల్లరాతి ముక్కను రెండు సూదుల మొనలతో ఎత్తి, లక్క గుంటలో పాలపన్ను అచ్చు పడిన మూలలో ఉంచాను. పెచ్చు ఉన్న వైపు కిందికి. కాస్త తిప్పగానే కూర్చుంది.

మునసబుగారు కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశారు. కాగితం ఎత్తి మెల్లగా బోర్లించారు. రాయి పడలేదు. వేలితో కాగితం వెనక తట్టారు. అప్పుడూ పడలేదు.

"రాతిలో బంగారం ఉండాది. రాయి గుంటలో ఉండాది" అన్నారు ఆయన. "వంకలో దొరికిందే. చెంగమ్మా, రేపట్నించి దిగు."

"మరి మా ఉంగరం?" అన్నాడు పెద్దింటాయన.

"ఇంట్లో వెతుక్కో."

జనం లేచిపోయారు. చెంగమ్మ మెట్టెక్కి వచ్చింది. బొట్టును వేళ్లతో తిప్పి చూసింది, ఎవరిదో అన్నట్టు. రాతిముక్కను మాత్రం అరచేతిలో పెట్టుకుంది. నేను కుంకుడుకాయల సంగతి, తేలే పలుకుల సంగతి చెప్పాను. ఆమె విని తల ఊపింది. నా చేతుల వైపు ఒకసారి చూసింది.

"ఆడ ఏమని అడిగినావన్నా?"

"శుద్ధి చేయమన్నాను."

"అంటే?"

"మురికి పోగొట్టడం. కడగడమే" అన్నాను.

ఆమె ఆ మాట ఒకసారి నోట్లో తిప్పుకుంది, రాలేదు. మునసబుగారి ఇంటి ముందు తొట్టిలో నీళ్లున్నాయి. వంగి, రాతిముక్కను అరచేతిలోనే ఉంచి, నీళ్లలో ముంచి, మణికట్టు రెండుసార్లు మెల్లగా తిప్పి పైకి తీసింది.

"ఇదేగదన్నా" అంది. "కడగమంటే సరిపోయ్యుండేది."